మొదటి ప్రొజెక్టర్ కొంటున్నారా? ముందు టేపు పట్టుకుని గది కొలవండి

ఇంట్లో పెద్ద తెర పెట్టుకుందామనుకుంటున్నాం, ఏ ప్రొజెక్టర్ కొనమంటారండీ అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, భీమవరం నుంచి, అమలాపురం నుంచి, మొన్న యానాం నుంచి కూడా ఒకాయన. అడిగిన ప్రతివాళ్ళనీ నేను ముందు తిరిగి అడిగేది ఒకటే, గది ఎంతండీ, గోడ ఏదండీ, మెషీను ఎక్కడ పెడతారండీ అని. టీవీ అయితే ఎక్కడ పెట్టినా బొమ్మ దాదాపు అదే, ప్రొజెక్టర్‌కి అలా కుదరదు, బొమ్మలో సగం పని మీ గదే చేస్తుంది. అదే మెషీను ఒకింట్లో అదిరిపోద్ది, పక్కింట్లో ఎండకి వెలిసిపోయిన వాల్‌పోస్టర్‌లా ఉంటుంది. అందుకే రెండు మూడు మోడళ్ళు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ముందు మీ గది లెక్కలు చేతిలో ఉండాలి. సంక్రాంతికి కూతుళ్ళూ అల్లుళ్ళూ దిగిపోతారు, హాల్లో పెట్టేద్దాం అని డిసెంబర్ ఆఖర్లో హడావుడిగా ఆర్డర్ పెట్టేవాళ్ళే ఎక్కువ, అలా కాకుండా కనీసం నెల ముందు మొదలెట్టండి, చూసుకోడానికీ నచ్చకపోతే మార్చుకోడానికీ టైము ఉంటుంది.

సరే, టేపు తీసుకోండి. బొమ్మ పడాల్సిన గోడ నుంచి ఎదురుగా ప్రొజెక్టర్ పెట్టే చోటు దాకా కొలవండి, గది మొత్తం పొడుగు కాదండి, లెన్సు ఉండే చోటు దాకా. వెనకాల సజ్జ మీద పెడితే మెషీను పొడుగు, వెనక వైర్లకీ గాలికీ జాగా తీసేయాలి, దగ్గర్దగ్గర ఒక అడుగు పోద్ది. ఇప్పుడు మీరు చూస్తున్న మోడల్‌లో త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది, 1.2 అనో 1.5 అనో. దూరాన్ని ఆ అంకెతో భాగిస్తే బొమ్మ వెడల్పు వచ్చేస్తుంది. మీకు తొమ్మిది అడుగులే ఉందనుకోండి, 1.2 ఉన్న మెషీను ఏడున్నర అడుగుల వెడల్పు బొమ్మ ఇస్తుంది, ఆ వెడల్పుని అంగుళాల్లోకి మార్చి 1.15తో గుణిస్తే ఐమూల కొలత, అంటే సుమారు 103 అంగుళాలు. అదే తొమ్మిది అడుగుల్లో 1.5 ఉన్న మెషీను ఆరడుగుల వెడల్పే ఇస్తుంది, అంటే సుమారు 83 అంగుళాలు. రెండిట్లోనూ డబ్బా మీద 200 అంగుళాలు అనే రాసుంటుంది, ఆ 200 రావాలంటే మీరు గోడ పగలగొట్టి పక్కింట్లోకి వెళ్ళాలి. జూమ్ ఉన్న మోడల్‌కి రెండు అంకెలు ఇస్తారు, 1.3 నుంచి 1.6 అన్నట్టు, మొదటిసారి కొనేవాళ్ళకి ఇది చాలా మంచిది, మెషీను ఒక అడుగు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. కాకపోతే చౌక మోడళ్ళల్లో జూమ్ అంటే బొమ్మని లోపలే చిన్నది చేసేది, లెన్సు కదిలే జూమ్ కాదు, ఆప్టికల్ జూమా కాదా అని అడగండి.

ఇక్కడ ఎవరూ చెప్పనిది ఒకటుంది, ఫ్యాను. మన హాళ్ళల్లో సరిగ్గా మధ్యలో సీలింగ్ ఫ్యాను వేలాడుతుంటుంది. ప్రొజెక్టర్‌ని వెనకాల పైకప్పుకి బిగించారనుకోండి, వెలుతురు ఫ్యాను రెక్కల మీదుగా వచ్చి బొమ్మ పైభాగం రెపరెపలాడుద్ది, మే నెలలో ఫ్యాను ఆపుకుని కూర్చోలేం. కాబట్టి నేల నుంచి రెక్కల దాకా ఎంత ఎత్తుందో కూడా రాసుకోండి, లెన్సు ఆ ఎత్తుకి కిందైనా ఉండాలి లేదా మెషీను ఫ్యానుకి ముందైనా ఉండాలి. పాత మండువా ఇళ్ళల్లో దూలాలు కిందకుంటాయి, అక్కడా ఇదే లెక్క.

ఎత్తు గురించి ఇంకో మాట. చాలా డీఎల్‌పీ మోడళ్ళల్లో (చిన్న అద్దాలతో బొమ్మ కట్టే రకం, కింద వివరంగా చెప్తాను) బొమ్మ లెన్సుకి ఎదురుగా పడదు, లెన్సు ఎత్తు నుంచి పైకి పడుద్ది, టేబుల్ మీద పెడితే బొమ్మ అడుగు అంచు లెన్సు దగ్గర ఉంటుంది, తలకిందులుగా పైకప్పుకి బిగిస్తే పై అంచు లెన్సు దగ్గర ఉంటుంది. ఇది చూసుకోకుండా సజ్జ మీద మామూలుగా పెట్టేస్తే బొమ్మ సీలింగ్ మీదకెక్కుద్ది, అప్పుడు మెషీను ముందుకి వంచుతారు, బొమ్మ పలక కాస్తా ట్రెపీజియం అవుద్ది, దాన్ని కీస్టోన్ అని ఒక సెట్టింగుతో సరిచేస్తారు. షాపుల్లో ఆటో కీస్టోన్‌ని పెద్ద గొప్పగా చూపిస్తారు గానీ అది చేసేది బొమ్మ అంచులు కత్తిరించి మిగిలిన చుక్కల్లో మొత్తం ఇరికించడం, దాంతో షార్ప్‌నెస్ పోద్ది, వెలుతురూ తగ్గుద్ది. లెన్స్ షిఫ్ట్ అనేది వేరు, అది లెన్సునే కదిపి బొమ్మని పైకీ కిందకీ జరుపుతుంది, ఏమీ పోదు. మీ డబ్బుల్లో లెన్స్ షిఫ్ట్ ఉన్నది వస్తే సంతోషం, లేదంటే మెషీను గోడకి తిన్నగా చూసేలా స్టాండు చేయించుకోండి, వడ్రంగికి కొలత ఇస్తే ఒక పూటలో చేసేస్తాడు.

గోడకి అడుగున్నర రెండడుగుల్లో పెట్టే అల్ట్రా షార్ట్ త్రో మెషీన్లు కూడా ఉన్నాయి, త్రో రేషియో 0.25 దగ్గర్లో ఉంటుంది, ఫ్యాను గొడవా లేదు, ఎవరూ అడ్డం రారు. కానీ వాటి వెలుతురు గోడని కింద నుంచి రాసుకుంటూ పోద్ది కాబట్టి గోడలో కాస్త ఎత్తుపల్లం ఉన్నా బొమ్మలో అలలు కనపడతాయి. మన పాత సున్నం గోడలకి ఇవి అస్సలు పనికిరావు, వాటికి బిగుతుగా లాగి ఉండే స్పెషల్ స్క్రీన్ కొనాల్సిందే, ఆ ఖర్చు కలిపి చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, వెలుతురు. డిజిటల్ సినిమా వాళ్ళు హాల్లో తెర మీద ఇంత వెలుగుండాలి అని ఒక ప్రమాణం పెట్టుకున్నారు, 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు. మామూలు తెల్ల తెర మీద దీన్ని చదరపు అడుగుకి 14 ల్యూమెన్లు అనుకోవచ్చు, ల్యూమెన్ అంటే మెషీను ఇచ్చే వెలుతురుకి కొలత. 100 అంగుళాల తెర ఏడుంపావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల పైచిలుకు ఎత్తు, మొత్తం 30 చదరపు అడుగులు, 30 ఇంటూ 14 అంటే 420 ల్యూమెన్లు. 120 అంగుళాలైతే 43 చదరపు అడుగులు, 600 కావాలి. 80 అంగుళాలకి 19 చదరపు అడుగులు, 270 చాలు. చూశారా, చీకటి గదిలో నిజమైన ల్యూమెన్లు పెద్దగా అక్కర్లేదు. కాకపోతే రంగులు బాగుండే సినిమా మోడ్‌లో పెడితే రాసిన వెలుతురులో మూడో వంతో, ఇంకా ఎక్కువో పోవచ్చు, వాడేకొద్దీ ఇంకా తగ్గుద్ది, అందుకని లెక్కకి రెట్టింపు చూసుకోమంటాను, 100 అంగుళాలకి ఒక 800 నిజమైన ల్యూమెన్లు. ఇది తలుపులూ కిటికీలూ వేసి లైట్లన్నీ ఆపేసిన గదికి. ట్యూబ్‌లైటు వేసుకునో, వీధి గుమ్మం తీసిపెట్టుకునో, జనం వస్తూ పోతూ ఐపీఎల్ చూడాలంటే 2500, 3000 కావాలి. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ కొబ్బరిచెట్ల నీడలో ఉన్న ఇంట్లో అయినా సరే కర్టెన్లు లేకుండా చూడ్డం కష్టం, దానికి టీవీయే మేలు.

నిజమైన ల్యూమెన్లు అని ఎందుకంటున్నానంటే డబ్బా మీద అంకెలు వేరే. పన్నెండు వేల రూపాయల మెషీను మీద 12000 ల్యూమెన్స్, 15000 ల్యూమెన్స్ అని ఉంటుంది, లక్ష రూపాయల మెషీను మీద 3000 అని ఉంటుంది, చూసినవాళ్ళు చౌకదే బాగుందనుకుంటారు. ఆ పెద్ద అంకె మహా అయితే లోపలున్న ఎల్ఈడీ బల్బు పుట్టించే వెలుతురు, బయటికి వచ్చేది కాదు. చౌక మెషీన్లల్లో ఆ వెలుతురు ఒక ఎల్‌సీడీ గ్లాసులోంచి రావాలి, దానికి ముందున్న పోలరైజర్ సగానికి పైగా ఆపేస్తుంది, మిగిలినదాంట్లో రంగుల ఫిల్టర్ మూడింట రెండొంతులు మింగేస్తుంది, ఆ పైన లెన్సుల్లో ఇంకాస్త పోద్ది. చివరికి గోడ మీదకి వచ్చేది వందల్లోనే. కాబట్టి మీరు పోల్చాల్సింది యాన్సీ ల్యూమెన్స్ లేదా ఐఎస్ఓ 21118 ల్యూమెన్స్ అని రాసిన అంకె ఒక్కటే, ఇవి తెరని తొమ్మిది భాగాలు చేసి ఒక్కో చోట కొలిచి సగటు తీసేవి. ఉత్త ల్యూమెన్స్ అనో, ఎల్ఈడీ ల్యూమెన్స్ అనో, లైట్ సోర్స్ ల్యూమెన్స్ అనో ఉంటే ఆ అంకెని అసలు పోలికలోకే తీసుకోకండి. యాన్సీ అంకె ఎక్కడా ఇవ్వలేదంటే ఆ మోడల్‌ని పక్కన పెట్టేయడమే నా సలహా.

ఎవరింట్లో అయినా మెషీను ఉంటే మీరే ఉజ్జాయింపుగా కొలుచుకోవచ్చు. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకోండి, గది పూర్తిగా చీకటి చేసి 100 అంగుళాల సైజులో పూర్తి తెల్ల బొమ్మ పెట్టండి, ఫోన్ ముందు కెమెరా పక్కనుండే సెన్సరు ప్రొజెక్టర్ వైపు చూసేలా గోడకి ఆనించి మధ్యలో, నాలుగు మూలల్లో, అంచుల మధ్యల్లో తొమ్మిది చోట్ల అంకె రాసుకుని సగటు తీయండి. దాన్ని తెర వైశాల్యంతో, అంటే 2.76 చదరపు మీటర్లతో గుణిస్తే ల్యూమెన్లు. సగటు 150 వస్తే 414 అన్నమాట. ఫోన్ సెన్సర్లు అంత కచ్చితంగా ఉండవు, కానీ ఒకే ఫోన్‌తో రెండు మెషీన్లు కొలిస్తే ఏది ఎంత ఎక్కువో తెలిసిపోద్ది, పోల్చడానికి అది చాలు.

రెజల్యూషన్ దగ్గర కూడా ఇదే గారడీ. "4కె సపోర్ట్" అంటే 4కె వీడియో ఇస్తే తీసుకుంటుంది అని మాత్రమే, గోడ మీద ఎన్ని చుక్కలు పడతాయో చెప్పేది నేటివ్ రెజల్యూషన్. 854 ఇంటూ 480, 1280 ఇంటూ 720, 1920 ఇంటూ 1080, ఈ మూడిట్లో ఏదో స్పష్టంగా రాసుండాలి. 100 అంగుళాల తెర మీద 1080పి అయితే ఒక్కో చుక్క 1.15 మిల్లీమీటర్లు ఉంటుంది, 480పి అయితే 2.6 మిల్లీమీటర్లు, పదడుగుల దూరంలో కూర్చుంటే మొదటిది కంటికి ఆనడం కష్టం, రెండోది టైటిల్స్ అక్షరాల అంచుల్లో మెట్లుమెట్లుగా తెలిసిపోద్ది. మొదటి ప్రొజెక్టర్‌కి నేటివ్ 1080పి చాలండి, 720పికి దిగొద్దు, 4కె కోసం అప్పు చేయొద్దు. నిజమైన 4కె అని అమ్మే డీఎల్‌పీ మోడళ్ళల్లో చాలావాటికి లోపలున్న చిప్ 1080పిదే, ఒక్కో ఫ్రేములో చుక్కల్ని నాలుగుసార్లు జరిపి 4కె చేస్తుంది, అది మోసమేమీ కాదు, కళ్ళకి బాగానే కనపడుద్ది, కానీ ఆ డబ్బు ముందు గది చీకటి చేయడానికి పెడితే ఎక్కువ తేడా వస్తుంది.

లోపల బొమ్మ తయారయ్యే పద్ధతులు నాలుగు. ఇరవై వేల లోపు దొరికేవి దాదాపు అన్నీ ఒకే ఎల్‌సీడీ గ్లాసు ఉన్నవి. ఆ పైన డీఎల్‌పీ, 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్ మీద నడిచేవి, లక్షల కొద్దీ చిన్న అద్దాలు అటూ ఇటూ ఊగుతూ బొమ్మ కడతాయి, బెన్‌క్యూ, వ్యూసోనిక్, ఆప్టోమా లాంటివాళ్ళు ఎక్కువగా ఇవే చేస్తారు. ఒకే చిప్ ఉన్న డీఎల్‌పీ రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది, కొంతమందికి కళ్ళు చటుక్కున తిప్పినప్పుడు తెల్ల అక్షరాల పక్కన ఎరుపూ పచ్చా నీలం మెరుపులు కనపడతాయి, రెయిన్‌బో ఎఫెక్ట్ అంటారు, మీకు కనపడకపోయినా మీ ఆవిడకి కనపడొచ్చు, తలనొప్పి రావొచ్చు, కాబట్టి ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళి చూపించి కొనండి. ఎప్సన్ వాళ్ళది 3ఎల్‌సీడీ, మూడు రంగులకీ మూడు ప్యానెళ్ళు, ఈ మెరుపుల గొడవ లేదు, రంగుల వెలుతురు కూడా తెలుపుతో సమానంగా ఉంటుంది. నాలుగోది ఎల్‌కాస్, జేవీసీ, సోనీ చేసేవి, నలుపు అద్భుతంగా ఉంటుంది, ధర లక్షల్లో, మొదటిసారికి వదిలేద్దాం.

నలుపు అన్నాను కదా, దీని మీద కాస్త ఆగాలి, ఎందుకంటే మనం చూసేది ఎక్కువ తెలుగు సినిమాలు. ప్రొజెక్టర్ నల్లరంగు వేయలేదు, అది వేసేది వెలుతురే, నలుపు ఉండాల్సిన చోట వెలుతురు ఆపడానికి ప్రయత్నిస్తుంది అంతే. పూర్తిగా ఆపలేకపోతే రాత్రి సీను బూడిదరంగులో పడుద్ది. మన సినిమాలు చాలావరకు స్కోప్‌లో తీస్తారు, అంటే ఎత్తుకి 2.35 రెట్లకి పైన వెడల్పు, 100 అంగుళాల 16:9 తెర మీద వేస్తే 49 అంగుళాల ఎత్తులో బొమ్మ 37 అంగుళాలే, పైనా కిందా ఆరేసి అంగుళాలు నల్ల పట్టీలు. కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుతురు తేడా, లేని మెషీన్‌లో ఆ పట్టీలు బూడిదగా వెలుగుతూ సినిమా అయ్యేదాకా కళ్ళకి అడ్డం పడతాయి. డబ్బా మీద కాంట్రాస్ట్ 10000:1 అనో 100000:1 అనో రాసే అంకె డైనమిక్, అంటే చీకటి సీనులో బల్బు తగ్గించి కొలిచింది, దాన్ని పోల్చుకుని లాభం లేదు, నేటివ్ కాంట్రాస్ట్ ఇస్తే చూడండి, లేదంటే కళ్ళతో చూసి తేల్చుకోవాల్సిందే. సినిమాలే ఎక్కువ చూసేవాళ్ళు 3000 ల్యూమెన్లున్న ఆఫీసు మోడల్ కన్నా 1000 ల్యూమెన్లే ఉన్నా నలుపు బాగున్నది తీసుకోండి. క్రికెట్టే ప్రాణం అనేవాళ్ళకి దీనికి తిరగేసి.

బల్బు సంగతి. పాతరకం ల్యాంప్ మోడళ్ళల్లో బల్బు నాలుగైదు వేల గంటలు వస్తుంది, రోజుకి మూడు గంటలు చూస్తే నాలుగేళ్ళు, తర్వాత మార్చాలి, ఆ ల్యాంప్ ధర ఎంతో కొనేరోజే కనుక్కోండి. ఎల్ఈడీ, లేజర్ అయితే 20000 గంటలు అంటారు, వెలుతురు సగానికి పడిపోయేదాకా అని దాని అర్థం. ల్యాంప్ మెషీను ఆపాక లోపల ఫ్యాను కాసేపు తిరిగి బల్బుని చల్లబరచాలి, మధ్యలో కరెంటు పోతే ఆ వేడి అక్కడే ఉండిపోయి బల్బు ఆయుష్షు తగ్గుద్ది. చేపల, రొయ్యల చెరువులకి ఏరియేటర్లు తిరిగే ఊళ్ళల్లో రాత్రిపూట కరెంటు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆకివీడు, ఉండి ఊళ్ళ వైపువాళ్ళు ల్యాంప్ జోలికి పోకుండా ఎల్ఈడీయో లేజరో చూసుకోండి. లో ఓల్టేజీ పెద్ద సమస్య కాదు, చాలా మెషీన్లు 100 నుంచి 240 ఓల్టుల దాకా తట్టుకుంటాయి, పోయిన కరెంటు తిరిగి వచ్చేటప్పుడు కొట్టే దెబ్బే సమస్య. ఇంట్లో సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే దాని లైను మీద పెట్టి యూపీఎస్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే ఒక యూపీఎస్, కనీసం స్పైక్ గార్డు ఖర్చు బడ్జెట్‌లో వేసుకోండి.

ఇక మన డెల్టాకి మాత్రమే ఉన్న తలనొప్పి, తేమా పురుగులూ. రివ్యూలు చేసేవాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని చేస్తారు, వాళ్ళకి ఇది తెలియదు. తొలకరి పడిన రాత్రి ఉసిళ్ళు, కోతల ముందు సుడిదోమా పచ్చదోమా, దీపం పెడితే చాలు గుంపులుగా దిగిపోతాయి, ప్రొజెక్టర్ అంటే వాటికి ఊళ్ళో కెల్లా పెద్ద దీపం. చౌక మోడళ్ళల్లో గాలి లోపలికి లాగే ఫ్యానే ఎల్‌సీడీ గ్లాసు మీదుగా గాలి తోలుతుంది, దాంతోపాటు పురుగూ దుమ్మూ వచ్చి ఆ గ్లాసుకి అతుక్కుంటాయి. చిన్న దోమ ఒకటి అతుక్కుంటే గోడ మీద అరచేయంత మరక, హీరోయిన్ ముఖం మీద, ఎక్కడికీ పోదు, మెషీను విప్పాల్సిందే. అందుకే పోల్చేటప్పుడు సీల్డ్ ఆప్టికల్ ఇంజన్, అంటే బొమ్మ తయారయ్యే భాగం దుమ్ము చొరకుండా మూసేసి ఉండేది, ఉందా అని తప్పకుండా చూడండి, రెండు మోడళ్ళు దగ్గర్దగ్గరగా ఉంటే నేను దీని మీదే తేల్చేస్తాను. సీల్ లేని దానికి బయటికి తీసి కడుక్కునే ఎయిర్ ఫిల్టర్ అయినా ఉండాలి. పురుగులు పోకుండా గాలి రంధ్రాలకి దోమతెర గుడ్డ కట్టేస్తుంటారు కొందరు, అలా చేయకండి, గాలి ఆడక వేడెక్కి ఆగిపోద్ది, కిటికీలకి మెష్ వేయించుకోండి.

మేడ మీద వేసుకుందాం అనుకునేవాళ్ళు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిదికల్లా మంచు దిగుద్ది, లెన్సు మీద తడి కూర్చుంటుంది, బొమ్మ మసకేస్తుంది. ఏసీ గదిలోంచి తీసి ఒక్కసారిగా బయట ఉక్కలో పెట్టినా అంతే, ఒక అరగంట ఊరికే బయట ఉంచి అప్పుడు ఆన్ చేయండి. వేసవిలో తిరగేసి, చాలా మెషీన్లకి 35 డిగ్రీల దాకా, కొన్నిటికి 40 దాకానే పనిచేసే ఉష్ణోగ్రత అని స్పెసిఫికేషన్‌లో రాసుంటుంది, రాజమండ్రిలో మే నెలలో 42, 43 మామూలే, రేకుల షెడ్డులో సాయంత్రం ఆరింటికి కూడా కొలిమిలాగే ఉంటుంది, ఆ అంకె చూసుకోండి. వానాకాలం అంతా డబ్బాలో పెట్టి అటకెక్కించేస్తే లెన్సుకి బూజు పట్టుద్ది, వారానికోసారి ఒక అరగంట నడిపించండి, డబ్బాలో సిలికాజెల్ ప్యాకెట్లు వేయండి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో ఉప్పుగాలి కూడా తోడవుద్ది, అక్కడ వాడాక గుడ్డ కప్పే అలవాటు తప్పదు, వేడి చల్లారాకే సుమా.

స్మార్ట్ ఫీచర్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. లోపల ఆండ్రాయిడ్ ఉందంటారు, నెట్‌ఫ్లిక్స్ లోగో చూపిస్తారు, కానీ వైడ్‌వైన్ ఎల్1 సర్టిఫికేషన్ (వీడియోలు కాపీ కొట్టకుండా వేసే తాళం లాంటిది) లేకపోతే కొన్ని ఓటీటీలు హెచ్‌డీలో రావు. ఫైర్‌స్టిక్ లాంటిదొకటి గుచ్చుకుంటే సరిపోద్ది, దానికోసం హెచ్‌డీఎంఐ పోర్టులు రెండుంటే మంచిది, కేబుల్ బాక్సుకొకటి. సౌండు లోపలి స్పీకర్లతో హాలు నిండదు, మీ పాత హోమ్ థియేటర్‌కి వైరుతో కలిపేలా ఆడియో అవుట్ గానీ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ వైరు మీదే సౌండు బయటికి పంపేది) గానీ ఉందో లేదో చూడండి, బ్లూటూత్‌తో కలిపితే పెదాలకీ మాటకీ తేడా వచ్చే అవకాశం ఉంది. మెషీను ఫ్యాను హోరు 30 డెసిబెల్స్ లోపుంటే హాయి, తల పక్కనే పెట్టుకునే గది అయితే ఇది ఇంకా ముఖ్యం.

ఇప్పుడు షాపుకెళ్దాం. కొనేది ఆన్‌లైన్‌లోనే అయినా ఒక్కసారి రాజమండ్రిలోనో కాకినాడలోనో విజయవాడలోనో డెమో ఉన్న షాపులో చూడండి, లేదంటే అదే మోడల్ వాడుతున్నవాళ్ళింటికెళ్ళండి. షాపు డెమో వీడియోలు చూడకండి, అవన్నీ సముద్రాలూ పూలూ చిలకలూ, ఏ మెషీన్‌లో అయినా బాగుంటాయి. మీ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళండి, అందులో రాత్రిపూట తీసిన ఒక సీను, నల్లబట్టలు వేసుకున్న మనిషి చీకట్లో నిలబడేలాంటిది, ఒక ముఖం దగ్గరగా ఉన్న పగటి సీను, ఎండ్ టైటిల్స్ పైకి ఎక్కే ముక్క, క్రికెట్ ముక్క ఒకటి, ఇంకా పూర్తి తెలుపూ పూర్తి నలుపూ ఫొటోలు రెండు.

అక్కడ మాట ఇలా నడుస్తుంది:
"సార్, ఇది తీసుకోండి సార్, 12000 ల్యూమెన్స్, ఫుల్ హెచ్‌డీ, ఫోర్‌కే కూడా ఆడుద్ది."
"యాన్సీ ఎంత తమ్ముడూ?"
"అదే సార్, పన్నెండు వేలు."
"డబ్బా మీద యాన్సీ అని ఎక్కడుందో చూపించు. నేటివ్ ఎంతో కూడా చూపించు."
అప్పుడు కుర్రాడు డబ్బా తిప్పి తిప్పి వెతుకుతాడు. అతని మీద కోప్పడక్కర్లేదు, అతనికి పైవాళ్ళు చెప్పింది అంతే. లైట్లు ఆపమని మర్యాదగా అడగండి, ఆపడం కుదరదంటే ఆ డెమోతో నలుపు తేలదు, వెలుతురు ఒక్కటే చూసి రండి.

ముందు టైటిల్స్ వేయించి తెర మధ్యలో ఫోకస్ సరిచేసి, తర్వాత నాలుగు మూలలకీ వెళ్ళి దగ్గరగా చూడండి, మధ్యలో స్పష్టంగా ఉండి మూలల్లో అక్షరాలు అలుక్కుపోతే లెన్సు నాసిరకం. తెల్ల ఫొటో పెట్టి అంచులు పసుపుగానో నీలంగానో మారుతున్నాయేమో, మధ్యకీ మూలలకీ వెలుతురు తేడా ఎంతుందో చూడండి. నల్ల ఫొటో పెట్టి తెర ఎంత బూడిదగా ఉందో చూడండి. రాత్రి సీనులో ఆ మనిషి భుజం, జుట్టు వెనకాల చీకట్లోంచి విడిగా కనపడుతున్నాయా, లేక అంతా ఒకే ముద్దా? ముఖం సీనులో చర్మం రంగు మన రంగులా ఉందా, గులాబీగా ఉందా? టైటిల్స్ ఎక్కుతుంటే కళ్ళు చకచకా ఎడమకీ కుడికీ తిప్పండి, మెరుపులు ఉంటే అప్పుడు తెలుస్తాయి. ఇవన్నీ రెండు మోడళ్ళ మీద అదే వరసలో, అదే సైజులో చేయండి, ఒకటి 60 అంగుళాల్లో ఇంకోటి 100 అంగుళాల్లో చూస్తే చిన్నదే బాగుందనిపిస్తుంది.

తెర మొదట్లోనే కొనొద్దు. మన ఇళ్ళల్లో గోడలు లేత ఆకుపచ్చో నీలమో ఉంటాయి, ఆ రంగు బొమ్మకి అంటుకుంటుంది, కాబట్టి బొమ్మ పడే మేర పుట్టీ పెట్టించి మ్యాట్ తెలుపు ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి, చుట్టూ మూడు నాలుగంగుళాలు నల్ల మ్యాట్ పట్టీ వేస్తే బొమ్మ లేచి కనపడుద్ది. మెరిసే పెయింటు వద్దు, ఫ్లెక్సీ వెనకవైపు కూడా వద్దు, మధ్యలో వెలుతురు మచ్చలా కొడుతుంది. మిగిలిన డబ్బుతో మందం కర్టెన్లు కొనండి.

ధరల విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కాబట్టి పాత వీడియోల్లో చెప్పే ధరలు పట్టుకుని బేరమాడకండి. నా అభిప్రాయం అడిగితే, చీకటి చేసుకోగలిగే చిన్న బెడ్‌రూమ్, బడ్జెట్ తక్కువ అయితే సీల్డ్ ఇంజన్, నేటివ్ 1080పి, యాన్సీ అంకె రాసిన ఎల్ఈడీ ఎల్‌సీడీ తీసుకుని 80 అంగుళాల్లో వాడండి, హాయిగా ఉంటుంది. పెద్ద హాలు, బంధుమిత్రులంతా కూర్చుంటారు అంటే డబ్బులు పోగయ్యేదాకా ఆగి డీఎల్‌పీ గానీ 3ఎల్‌సీడీ గానీ కొనండి, మధ్యలో ఒక చౌకది కొని 120 అంగుళాలకి సాగదీస్తే ఇంట్లో ఎవరికీ నచ్చదు. సర్వీసు సెంటరు ఎక్కడుందో కొనేముందే ఫోన్ చేసి కనుక్కోండి, రాజమండ్రా, కాకినాడా, విజయవాడా, వైజాగా, లేక కొరియర్‌లో హైదరాబాద్ పంపాలా అని. ల్యాంప్ మోడల్ అయితే బల్బు వారంటీ మెషీను వారంటీ కన్నా తక్కువ ఉంటుంది, విడిగా అడగండి.

మెషీను ఇంటికొచ్చాక రిటర్న్ గడువు లోపలే ఒక రాత్రి మూడు గంటలు ఆపకుండా నడపండి. చౌక మోడళ్ళల్లో వేడెక్కాక ఫోకస్ జారుద్ది, మొదటి పది నిమిషాల్లో అది తెలీదు. నల్ల తెర మీద వెలుగుతూ ఉండిపోయే చుక్కలున్నాయేమో, తెల్ల తెర మీద మరకలున్నాయేమో చూసి, ఉంటే అప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. డబ్బా, లోపలి థర్మోకోల్, బిల్లు వారంటీ అయ్యేదాకా పారేయకండి, సర్వీసుకి పంపాల్సొస్తే అందులోనే పెట్టి పంపాలి.